పగులు ఎప్పుడు ఆగుతుంది, ఎప్పుడు సాగుతుంది: ఫ్రాక్చర్ మెకానిక్స్‌ను పునాది నుంచి నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

1943 జనవరి 16 రాత్రి, అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్ రేవులో కట్టేసి ఉన్న స్కెనెక్టడీ అనే చమురు ఓడ ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. తుఫాను లేదు, అలల తాకిడి లేదు, ఏదీ వచ్చి గుద్దుకోలేదు. అప్పుడే సముద్ర పరీక్షలు ముగించుకొని వచ్చిన కొత్త ఓడ అది. దాని మీద పడిన ప్రతిబలం (స్ట్రెస్) ఆ ఉక్కు తట్టుకోగలిగినదానికన్నా బాగా తక్కువే. వెల్డింగ్‌లో మిగిలిపోయిన లోపాలు, చలికి పెళుసుబారే ఉక్కు, ఈ రెండూ కలిసి దాన్ని విరిచాయి. రివెట్లు కొట్టిన పాత ఓడల్లో పగులు ఒక రేకు అంచుకు చేరి చాలాసార్లు అక్కడితో ఆగిపోయేది. వెల్డింగ్ ఓడ ఒళ్లంతా ఒకే ముక్క కాబట్టి దానికి అడ్డు లేకుండా పోయింది.

బీటెక్‌లో మనం నేర్చుకునే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ లెక్క ఈ ఓడను కాపాడలేదు. పడే ప్రతిబలం పదార్థపు బలం కంటే తక్కువగా ఉంటే చాలని ఆ లెక్క అంటుంది. పగులు ఉన్న వస్తువు విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు: ఇంత పొడవున్న పగులు ఇంత బరువు కింద సాగుతుందా, ఆగుతుందా? ఫ్రాక్చర్ మెకానిక్స్ అంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే. బీటెక్ చివరి ఏళ్లలో ఉన్నవారు, ఎంటెక్ ప్రాజెక్టుకు అంశం వెతుకుతున్నవారు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవారు ఈ శాస్త్రాన్ని ఏ వరుసలో, ఏ వనరులతో నేర్చుకోవాలో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చూసిన విద్యార్థుల్లో చాలామంది సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి, రంగురంగుల చిత్రాలు తెచ్చి, ఆ చిత్రంలో ఎర్రగా ఉన్నచోట విలువ ఎందుకు అంత వచ్చిందని అడిగితే ఆగిపోతారు. అందుకే ఇక్కడి వరుస దానికి ఎదురుగా ఉంటుంది. ముందు శక్తి లెక్క, తరువాత చేతి లెక్కలు, ఆ తరువాత ప్రయోగశాల, అన్నిటికన్నా చివర కంప్యూటర్. ప్రతి మెట్టు దగ్గర మీరు స్వయంగా లెక్కించినదో, విరిచినదో ఒకటి ఉండితీరాలి.

మొదటి మెట్టు: పగులు లేని ఘనపదార్థం

ఫ్రాక్చర్ పుస్తకం తెరిచే ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు స్థితిస్థాపక సిద్ధాంతానికి కేటాయించండి. ప్రతిబల టెన్సర్, వికృతి (స్ట్రెయిన్), సమతాస్థితి సమీకరణాలు, ప్లేన్ స్ట్రెస్‌కు ప్లేన్ స్ట్రెయిన్‌కు ఉన్న తేడా, ఎయిరీ స్ట్రెస్ ఫంక్షన్, శక్తి సూత్రాలు: ఇవి వస్తే చాలు, అంతకు మించి ఇప్పుడే అక్కర్లేదు. డబ్బు ఖర్చు లేకుండా చదవాలంటే, బ్రౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలన్ బోవర్ తన 'అప్లైడ్ మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్' పుస్తకం మొత్తాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. అందులోని లెక్కలు కష్టమైనవే గాని, ఒక్కొక్కటీ ఒక్కో కొత్త సంగతి నేర్పుతుంది. కళాశాల లైబ్రరీలో తిమోషెంకో, గూడియర్‌ల పాత పుస్తకం దొరికితే ధ్రువ నిరూపకాల అధ్యాయాన్ని దాని నుంచే చదవండి.

ఈ మెట్టు దాటారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. విశాలమైన పలకలో గుండ్రటి రంధ్రం ఉండి, పలకను ఒకవైపుగా లాగితే రంధ్రం అంచున ప్రతిబలం మూడు రెట్లు అవుతుందని కిర్ష్ 1898లో చూపాడు. దాన్ని పుస్తకం మూసి మీరే రాబట్టండి. తరువాత రంధ్రాన్ని దీర్ఘవృత్తంగా మార్చండి. ఇంగ్లిస్ 1913లో ఇచ్చిన ఫలితం ప్రకారం, లాగే దిశకు అడ్డంగా ఉన్న అర్ధాక్షాన్ని రెండో అర్ధాక్షంతో భాగించి, రెట్టించి, ఒకటి కలిపితే ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. రంధ్రం పొడవు వెడల్పుకు పది రెట్లు ఉంటే అంచున ప్రతిబలం 21 రెట్లు అవుతుంది. రంధ్రాన్ని ఇంకా నొక్కి సన్నటి పగులుగా మారిస్తే ఆ సంఖ్య అనంతానికి పోతుంది. అంటే ఈ లెక్క ప్రకారం, పగులున్న ఏ వస్తువైనా చిటికెన వేలితో లాగితే చాలు విరిగిపోవాలి. కళ్లజోడు మీద గీత పడినా అది విరగడం లేదు కదా! ఈ వైరుధ్యం మీ మనసును నిజంగా తొలవడం మొదలుపెట్టినప్పుడు రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: గ్రిఫిత్, ఒక పాత దినపత్రిక

ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఎ.ఎ. గ్రిఫిత్ ఈ చిక్కుముడిని విప్పాడు. రాయల్ సొసైటీ పత్రికలో 1921లో అచ్చయిన ఆ పత్రంలో అతడు పగులు మొన దగ్గరి ప్రతిబలం ఊసే పక్కన పెట్టి, లావాదేవీ లెక్క చూశాడు. పగులు కొంచెం సాగితే పలకలో దాగిన స్థితిస్థాపక శక్తి కొంత విడుదలవుతుంది; అది రాబడి. కొత్తగా రెండు ముఖాలు ఏర్పడటానికి ఉపరితల శక్తి కావాలి, అది ఖర్చు. రాబడి ఖర్చును మించినప్పుడే పగులు సాగుతుంది. దీని నుంచి వచ్చే ఫలితం ఒక్కటే: విరిచే ప్రతిబలాన్ని పగులు పొడవు వర్గమూలంతో గుణిస్తే వచ్చే విలువ ఆ పదార్థానికి స్థిరం. పగులు నాలుగింతలైతే తట్టుకునే ప్రతిబలం సగమవుతుంది.

ఈ పత్రాన్ని మూలంలోనే చదవమని నా సలహా. రాయల్ సొసైటీ 70 ఏళ్లు దాటిన తన పత్రాలన్నిటినీ ఉచితంగా తెరిచి ఉంచింది. మొదటిసారి చదివేటప్పుడు గణితం వదిలేసి, గాజు గోళాలు, గాజు గొట్టాల మీద గీతలు గీసి చేసిన ప్రయోగాల భాగాన్ని, సన్నటి గాజు పోగులు మామూలు గాజుకన్నా ఎన్నో రెట్లు బలంగా ఎందుకున్నాయో చర్చించిన భాగాన్ని చదవండి. ఆ పత్రంలోని శక్తి లెక్కలో ఒక పొరపాటు ఉంది. గ్రిఫిత్ దాన్ని 1924లో తానే సరిదిద్దాడు. ఈ సంగతి తెలియక, పాఠ్యపుస్తకంలోని సూత్రానికి మూలపత్రంలోని సూత్రానికి పొంతన కుదరక వారాల తరబడి తల పట్టుకునేవారు ఉన్నారు.

ఇక ఇంట్లో చేయవలసిన ప్రయోగం. పాత దినపత్రిక పుటను పై నుంచి కిందికి చించండి, తిన్నగా చిరుగుతుంది. అదే పుటను అడ్డంగా చించండి, వంకరటింకరగా పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువ భాగం ఒకే దిశలో పరచుకుంటుంది, పగులు ఆ దిశలో తేలికగా నడుస్తుంది, అడ్డంగా నడవాలంటే పీచును తెంచుకుంటూ పోవాలి. టఫ్‌నెస్, అంటే పగులు సాగకుండా ఎదురు నిలిచే గుణం, దిశను బట్టి మారుతుందనే పాఠం మీ చేతికే అందింది. ఇప్పుడు పట్టీ పొడవు పుట అడ్డం వైపు ఉండేలా 12 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలు కత్తిరించండి. ఒక్కొక్కదాని మధ్యలో బ్లేడుతో 1, 2, 4 సెంటీమీటర్ల చీలిక పెట్టండి. చీలిక లాగే దిశకు అడ్డంగా ఉండాలి. పట్టీ పై అంచును, కింది అంచును చెక్క స్కేళ్లకు టేపుతో అంటించి, కింది స్కేలుకు బకెట్ వేలాడదీయండి. బకెట్ అడుగు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉండాలి, లేకపోతే కాలి మీద పడుతుంది. కొలత గ్లాసుతో నీళ్లు నెమ్మదిగా పోస్తూ, చిరిగినప్పటికి ఎన్ని లీటర్లు పోశారో రాసుకోండి. బకెట్, స్కేలు బరువు కలపడం మరవకండి. ప్రతి పొడవుకూ కనీసం అయిదు పట్టీలు చేయండి.

ఫలితాలు గ్రాఫు మీద పెట్టి చూస్తే, పొడవాటి చీలికలు గ్రిఫిత్ చెప్పిన వర్గమూల నియమానికి దగ్గరగా ఉండి, చిన్న చీలిక దాని నుంచి పక్కకు తొలగే అవకాశం ఎక్కువ. చీలిక మరీ చిన్నదైతే కాగితానికి దాని ఉనికి పెద్దగా పట్టదు, సొంత బలమే అడ్డుగోడ అవుతుంది. పట్టీ వెడల్పు పరిమితం కాబట్టి 4 సెంటీమీటర్ల చీలికకు దాదాపు 7 శాతం సవరణ కూడా అవసరం. ఆ సవరణ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆరాటమే మిమ్మల్ని మూడో మెట్టుకు నడిపిస్తుంది.

మూడో మెట్టు: కె అనే అంకె

గ్రిఫిత్ లెక్క గాజుకు సరిపోయింది గాని, ఉక్కుకు సరిపోలేదు. ఉక్కులో పగులు సాగేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఉపరితల శక్తి వాటా లెక్కలోకి రానంత చిన్నది. మొన చుట్టూ లోహం సాగి నలిగిపోవడానికే దాదాపు అంతా పోతుంది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన జి.ఆర్. ఇర్విన్ ఈ సంగతిని గుర్తించి, 1957లో మొన దగ్గరి ప్రతిబల క్షేత్రం మొత్తాన్ని ఒకే అంకెలో బంధించాడు. అదే స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్, కె. ఇర్విన్ సహచరుడు కీస్ పేరులోని మొదటి అక్షరమే ఆ కె. విడుదలయ్యే శక్తికి వాడే జి గ్రిఫిత్ పేరు నుంచి వచ్చింది. కె వర్గాన్ని యంగ్ గుణకంతో భాగిస్తే జి వస్తుంది (ప్లేన్ స్ట్రెయిన్‌లో చిన్న సవరణతో). గ్రిఫిత్ శక్తి లెక్క, ఇంగ్లిస్ ప్రతిబల లెక్క, విడివిడిగా నడిచిన ఈ రెండు దారులు కలిసే కూడలి ఈ ఒక్క సమీకరణమే. దాన్ని ఇర్విన్ పద్ధతిలో, అంటే పగులును కొంచెం మూసి తెరిచే పనిని లెక్కించి, మీరే ఒకసారి రాబట్టండి.

ఈ మెట్టుకు మన దగ్గరే మంచి వనరు ఉంది. ఐఐటీ మద్రాస్ ఆచార్యులు కె. రమేశ్ చెప్పిన ఇంజినీరింగ్ ఫ్రాక్చర్ మెకానిక్స్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. ఆయన ఫోటోఎలాస్టిసిటీ నిపుణులు కాబట్టి, పగులు మొన చుట్టూ ప్రతిబలం ఎలా పేరుకుంటుందో రంగుల పట్టీలుగా కళ్లారా చూపిస్తారు. కాగితం మీద సమీకరణం చూసినవారికి ఆ దృశ్యం మనసులో నాటుకుపోతుంది. పాఠ్యపుస్తకంగా ప్రశాంత్ కుమార్ రాసిన 'ఎలిమెంట్స్ ఆఫ్ ఫ్రాక్చర్ మెకానిక్స్' మన విద్యార్థులకు సులువుగా అందుతుంది. దాని తరువాత టి.ఎల్. ఆండర్సన్ పుస్తకం చదవండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

చేతి లెక్క ఒకటి. పై (π)ని పగులు పొడవుతో గుణించి, దాని వర్గమూలంతో ప్రతిబలాన్ని గుణిస్తే కె వస్తుంది; కె ఆ పదార్థపు టఫ్‌నెస్‌కు చేరినప్పుడు పగులు సాగుతుంది. గాజు టఫ్‌నెస్ సుమారు 0.75 మెగాపాస్కల్ రూట్ మీటర్. అద్దం అంచున 1 మిల్లీమీటరు లోతు గీత ఉంటే, అంచు పగులుకు వాడే 1.12 గుణకాన్ని కలుపుకుని, విరిచే ప్రతిబలం 12 మెగాపాస్కల్స్ దగ్గర వస్తుంది. గీత లోతు అందులో వందో వంతే ఉంటే ప్రతిబలం పది రెట్లు, అంటే 120 మెగాపాస్కల్స్ వరకు పోతుంది. అద్దాలు కోసే మనిషి వజ్రపు మొనతో ఒక్క గీత గీసి, రెండు బొటనవేళ్లతో వంచి తిన్నగా విరవడంలోని రహస్యం ఈ లెక్కే.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. మొదటిది పగులు పొడవు: నడిమి పగులుకు సూత్రంలో సగం పొడవు వేయాలి, అంచు పగులుకు మొత్తం పొడవు వేయాలి. రెండోది ప్రమాణాలు. నా ఎంటెక్ రోజుల్లో లెక్కించిన కె విలువ అచ్చయిన విలువకన్నా 30 రెట్లకు పైగా వచ్చింది. సూత్రం మళ్లీ రాబట్టాను, మెష్ (కంప్యూటర్ లెక్క కోసం వస్తువును విడగొట్టే చిన్న ముక్కల వల) మార్చాను, యంత్రం కొలతను అనుమానించాను. అలా రెండు వారాలు పోయాయి. చివరికి తేలిందేమిటంటే, పొడవును మిల్లీమీటర్లలోను, బలాన్ని న్యూటన్లలోను వేసి, వచ్చిన జవాబును మెగాపాస్కల్ రూట్ మీటర్ అని చదువుకున్నాను. 1 మెగాపాస్కల్ రూట్ మీటర్ అంటే న్యూటన్, మిల్లీమీటర్ల లెక్కలో 31.62. ఈ సంఖ్యను నోటు పుస్తకం మొదటి పుటలోనే రాసి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: లోహం సాగినప్పుడు

మొన దగ్గర ప్రతిబలం అనంతమని సమీకరణం అన్నా లోహం ఒప్పుకోదు. అక్కడ చిన్న ప్లాస్టిక్ జోన్ ఏర్పడుతుంది. ఆ జోన్ వస్తువు కొలతలతో పోలిస్తే చిన్నదైనంతకాలం కె పనిచేస్తుంది. ఎంత చిన్నగా ఉండాలి? కె విలువను ఈల్డ్ ప్రతిబలంతో (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ప్రతిబలంతో) భాగించి, వర్గం చేసి, 2.5తో గుణిస్తే వచ్చే పొడవుకన్నా స్పెసిమెన్ (పరీక్షకు కోసిన ముక్క) కొలతలు తక్కువ కాకూడదని అమెరికా పరీక్షా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఈ399 ప్రమాణం చెబుతుంది. విమానాల్లో వాడే గట్టి అల్యూమినియం మిశ్రమాన్ని తీసుకోండి: కె 25 మెగాపాస్కల్ రూట్ మీటర్, ఈల్డ్ 500 మెగాపాస్కల్స్ అనుకుంటే 6.25 మిల్లీమీటర్లు చాలు. అదే మామూలు కట్టుబడి ఉక్కుకు కె 100, ఈల్డ్ 250 అనుకుంటే 400 మిల్లీమీటర్ల మందమున్న దిమ్మ కావాలి. అంత దిమ్మను పరీక్షించే యంత్రం ఏ కళాశాలలో ఉంటుంది?

ఈ ఇబ్బందే తరువాతి సిద్ధాంతానికి దారి తీసింది. వెల్స్ 1961లో పగులు మొన ఎంత తెరుచుకుందో కొలవమన్నాడు. జేమ్స్ రైస్ 1968లో జె-ఇంటెగ్రల్‌ను ఇచ్చాడు: మొన చుట్టూ ఏ దారిలో లెక్కించినా ఒకే విలువ వచ్చే మొత్తం అది. రైస్ పత్రం ఎనిమిది పుటలే. ఈ రంగంలో అంత తక్కువ చోటులో అంత సంగతి చెప్పిన రచన నేను చదవలేదు. దాన్ని పెన్ను చేతిలో పట్టుకుని, వరుసకో ఖాళీ పూరిస్తూ చదవాలి. ఒక్క హెచ్చరిక: బరువు పెంచుకుంటూ పోయినంతసేపే జె నమ్మదగినది. బరువు దించినా, పగులు చాలా దూరం సాగి దాని వెనుక లోహం సడలినా ఆ లెక్క వెనుకనున్న ఊహ చెదిరిపోతుంది. ఎంటెక్ స్థాయికి ఈ మెట్టుపై ఇంత తెలిస్తే సరిపోతుంది.

అయిదో మెట్టు: ప్రయోగశాల

కళాశాలలో యూటీఎం (లాగి, నొక్కి బలం కొలిచే యంత్రం) ఉంటుంది, బరువును పదేపదే వేసి తీసే ఫెటీగ్ యంత్రం చాలాచోట్ల ఉండదు. అయినా ఒక్కసారైనా పూర్తి టఫ్‌నెస్ పరీక్షను దగ్గరుండి చూడండి. అవసరమైతే వేరే సంస్థకు ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. కాంపాక్ట్ టెన్షన్ స్పెసిమెన్‌కు మిల్లింగ్‌తో గాడి కోస్తారు. ఆ గాడి మొన ఎంత సన్నగా కోసినా నిజమైన పగులుకు సాటి రాదు కాబట్టి, ముందు తక్కువ బరువును వేల సార్లు వేసి, గాడి కొస నుంచి అసలు పగులును మొలిపిస్తారు. ఈ దశలో తొందరపడి బరువు పెంచితే మొన చుట్టూ ప్లాస్టిక్ జోన్ పెద్దదై, కొలిచే విలువ అబద్ధమవుతుంది. అందుకే చివరి దశలో కె గరిష్ఠ విలువ, తరువాత తేలే టఫ్‌నెస్‌లో 60 శాతం మించరాదని నియమం.

పరీక్ష ముగిశాక కంప్యూటర్ ఇచ్చే అంకెను నమ్మే ముందు చేత్తో లెక్కించండి. మందం 25, వెడల్పు 50 మిల్లీమీటర్లు, పగులు సరిగ్గా సగం వెడల్పు దాకా ఉన్న స్పెసిమెన్‌కు జ్యామితి గుణకం 9.66. బరువు 20 కిలోన్యూటన్లు అయితే కె విలువ 34.6 మెగాపాస్కల్ రూట్ మీటర్ రావాలి. తరువాత బరువు-తెరుచుకోలు గ్రాఫు మీద మొదటి తిన్నని భాగంకన్నా 5 శాతం తక్కువ వాలుతో గీత గీసి, అది వక్రరేఖను ఖండించిన చోటు బరువు తీసుకోవాలి. గరిష్ఠ బరువు దానికి 1.10 రెట్లు మించితే ఆ పరీక్ష చెల్లదు. చెల్లని పరీక్షలను చెత్తబుట్టలో వేయకండి, కారణంతో సహా రాసి పెట్టండి. ఆ స్పెసిమెన్ సరిపోకపోవడం కూడా ఆ పదార్థం గురించి చెప్పే సమాచారమే.

విరిగిన ముక్కల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. స్పెసిమెన్ రెండుగా విడిపోగానే చేతికి మొదట తోచే పని, ఆ రెండు ముఖాలను మళ్లీ కలిపి సరిపోతున్నాయో లేదో చూడటం. ఆ పని ఎన్నటికీ చేయకూడదు. మైక్రాన్ల ఎత్తున్న గట్లు ఒకదానికొకటి రాసుకుని నలిగిపోతాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మీరు వెతుకుతున్నది ఆ గట్లనే. ముఖం మీద వేలు పెట్టకూడదు, చేతి చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది. రెండు ముక్కలను విడివిడిగా కాగితంలో చుట్టి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టి, తేదీ, స్పెసిమెన్ సంఖ్య రాయండి. చూడటం కూడా ముందు కంటితోనే మొదలుపెట్టాలి. దీపాన్ని పక్కవాటుగా పెట్టి ముక్కను నెమ్మదిగా తిప్పితే, ఫెటీగ్‌తో నడిచిన భాగం నునుపుగా, చివరగా విరిగిన భాగం గరుకుగా వేరుపడి కనిపిస్తాయి. తరువాత మైక్రోస్కోపులో పెళుసుగా విరిగినచోట నదీపాయల్లాంటి గీతలు, సాగి విరిగినచోట చిన్నచిన్న గుంటలు, ఫెటీగ్‌లో సమాంతర చారలు వెతకండి. నదీపాయలు కలుసుకుంటూ పోయే దిశే పగులు నడిచిన దిశ.

ఆరో మెట్టు: ఫెటీగ్

1954 జనవరిలో ఎల్బా ద్వీపం దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర రెండు కామెట్ విమానాలు (బ్రిటన్ తయారుచేసిన ప్రయాణికుల జెట్‌లు) గాలిలోనే విచ్చిపోయాయి. ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని పెద్ద నీటితొట్టిలో పెట్టి, క్యాబిన్‌లో ఒత్తిడిని పదేపదే పెంచుతూ దించుతూ పరీక్షిస్తే, అంతకుముందు అది ఎగిరిన విహారాలతో కలిపి సుమారు 3,000 ఆవృత్తులకు అత్యవసర ద్వారం మూల దగ్గర పగిలింది. ప్రతిసారీ వేసిన బరువు చిన్నదే. పగులు మాత్రం ప్రతిసారీ కొద్దికొద్దిగా ముందుకు జరుగుతూ వచ్చింది.

ఆ జరగడానికి కొలత ఇచ్చినవాడు పాల్ పారిస్. ఒక్కో ఆవృత్తికి పగులు పెరిగే దూరం కె ఊగే వ్యాప్తి మీద ఆధారపడుతుందని అతడు సహచరులతో కలిసి 1961లో రాస్తే పేరున్న పత్రికలు తిప్పి పంపాయి. అది చివరికి ఒక విశ్వవిద్యాలయ పత్రికలో అచ్చయింది. మీ మొదటి పత్రం తిరిగి వచ్చిన రోజున ఈ సంగతి గుర్తుచేసుకోండి. ఆ సంబంధం ఘాత నియమంలో ఉంటుందని 1963లో ఎర్డొగన్‌తో కలిసి చూపాడు. ఉక్కులకు ఆ ఘాతం సుమారు 3. అంటే ప్రతిబలం రెట్టిస్తే పగులు ఎనిమిది రెట్ల వేగంతో నడుస్తుంది. ఫెరైట్-పెర్లైట్ ఉక్కులకు తరచుగా వాడే స్థిరాంకంతో లెక్కిస్తే, కె వ్యాప్తి 20 మెగాపాస్కల్ రూట్ మీటర్ దగ్గర ఒక్కో ఆవృత్తికి 0.055 మైక్రాన్లు, మిల్లీమీటరు నడవడానికి దాదాపు 18,000 ఆవృత్తులు. పగులు పొడవు మారుతున్నకొద్దీ కె కూడా మారుతుంది కాబట్టి, దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో చిన్న చిన్న అంగలుగా మీరే కూడండి.

ఏడో మెట్టు: కంప్యూటర్

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవవచ్చు. కళాశాలలో అబాకస్, ఆన్సిస్ లైసెన్సు ఉంటే మంచిదే. లేకపోతే కాల్క్యులిక్స్, కోడ్ ఆస్టర్, ఫీనిక్స్ ఉచితం. మొదటి పని కొత్త సమస్య కాదు, మీకు జవాబు తెలిసిన సమస్య: నడిమి పగులున్న పలక. పగులు మొన చుట్టూ మూలకాల (మెష్‌లోని ముక్కల) మధ్యబిందువులను పావు దూరానికి జరిపితే మొన దగ్గరి ప్రతిబల స్వభావం సహజంగా వస్తుందని 1975లో హెన్షెల్, షా, 1976లో బార్సూమ్ చూపారు. దాన్ని వాడి జె విలువను మొన చుట్టూ అయిదు వలయాల మీద తీసి, మొదటిది వదిలేసి మిగతావి ఒక శాతంలోపు సరిపోయాయో లేదో చూడండి. తరువాత హ్యాండ్‌బుక్ విలువతో పోల్చండి. ఈ రెండు పోలికలు లేని ఫలితాన్ని నేను ఏ విద్యార్థి నుంచీ తీసుకోను.

పగులు ఎటు పోతుందో ముందుగా తెలియని సమస్యలకు 1999 నుంచి ఎక్స్‌ఎఫ్‌ఈఎం (మెష్ మార్చకుండానే పగులును దాని గుండా నడిపే పద్ధతి), 1998లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో వేసిన పునాది మీద పెరిగిన ఫేజ్-ఫీల్డ్ పద్ధతి (పగులును గీతగా కాక సన్నటి దెబ్బతిన్న పట్టీగా చూసేది) ఉన్నాయి. రెండోది నిజానికి గ్రిఫిత్ లావాదేవీ లెక్కకే కొత్త రూపం. అందుకే రెండో మెట్టు గట్టిగా ఎక్కినవారికి అది ఒక సాయంత్రంలో అర్థమవుతుంది, ఎక్కనివారికి ఏడాదైనా కాదు. అందులో వాడే పొడవు పరామితికంటే మెష్ కొన్ని రెట్లు సన్నగా లేకపోతే పదార్థం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

సంగణక యాంత్రికశాస్త్రంలో (కంప్యూటేషనల్ మెకానిక్స్‌లో) మన నేల మీది పేర్లు రెండు ఈ దారిలో తప్పక ఎదురవుతాయి. గుడివాడలో పుట్టి, కాకినాడలో ఇంజినీరింగ్ చదివిన సత్య ఎన్. అట్లూరి పగుళ్ల సంఖ్యాత్మక విశ్లేషణలో ప్రపంచస్థాయి కృషి చేసి 2013లో పద్మభూషణ్ అందుకున్నారు. ఉస్మానియాలో చదివిన వరంగల్ బిడ్డ జె.ఎన్. రెడ్డి రాసిన ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకం ఎన్నో దేశాల తరగతి గదుల్లో ఉంది. పద్ధతి నేర్చుకోవడానికి ఆ పుస్తకం ఇప్పటికీ మొదటి ఎంపిక.

ఎనిమిదో మెట్టు: పరిశోధనలోకి

పత్రాలు చదవడానికి దారులు ఇప్పుడు మెరుగయ్యాయి. 2025 జనవరి నుంచి అమలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల్లో 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు కళాశాలలో ఉన్నవారు దగ్గరలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయ లైబ్రరీని అడగండి. ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లోని ముందస్తు ప్రతులు, అంతర్జాతీయ ఫ్రాక్చర్ మహాసభల సంపుటాలు, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి సాధన పత్రిక అందరికీ ఉచితం. 1965లో జపాన్‌లోని సెండాయ్‌లో మొదలైన ఆ మహాసభ 1984లో న్యూఢిల్లీలో జరిగింది. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. పత్రాల్లో వివరం పరిమితంగా ఉంటుంది, సిద్ధాంత గ్రంథంలో మాత్రం ఒక విద్యార్థి ముక్కను పట్టి ఉంచడానికి ఏ జిగ్ వాడాడో, ఏ స్పెసిమెన్ చెడిపోయిందో కూడా దొరుకుతుంది. కాబట్టి మొదటి నెలలో పత్రాలకన్నా రెండు మంచి సిద్ధాంత గ్రంథాలు పూర్తిగా చదవడం లాభం.

అంశం ఎంచుకునేటప్పుడు మీకు అందుబాటులో ఉన్న యంత్రాన్ని, పదార్థాన్ని ముందు చూడండి. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ (రక్షణ లోహ పరిశోధనశాల), మిధాని (ప్రత్యేక మిశ్రమలోహాల కర్మాగారం), ఐఐటీ, పక్కనే బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌ఏఎల్ (విమాన పరిశోధనశాల), కల్పాక్కంలో ఐజీకార్ (అణు పరిశోధన కేంద్రం) ఉన్నాయి. లోహాల మీద పని చేయదలచినవారికి ఇంతకన్నా దగ్గరి పొరుగు ఉండదు. హైడ్రోజన్ చేరి ఉక్కును పెళుసుగా మార్చడం, త్రీడీ ప్రింటింగ్ లోహాల్లో పొరల మధ్య లోపాల నుంచి ఫెటీగ్ మొదలవడం, బ్యాటరీ ఎలక్ట్రోడ్ కణాలు చార్జింగ్‌లో ఉబ్బి పగలడం, మెత్తటి జెల్‌ల చిరుగుడు: వీటిలో ప్రాథమిక ప్రశ్నలే ఇంకా తెరిచి ఉన్నాయి. ఆచార్యులకు రాసే ఉత్తరంలో మీకు ఈ రంగమంటే ఎంత ఇష్టమో వర్ణించనక్కర్లేదు. వారి ఫలానా పత్రంలోని ఫలానా గ్రాఫును మీరే మళ్లీ లెక్కించారని, ఇంతవరకు సరిపోయిందని, ఈ భాగం సరిపోలేదని ఒక పుటలో రాసి, మీ లెక్కను జతచేయండి.

పరిశోధనలో మొదటి మూడు నెలల పని కూడా అదే. నచ్చిన పత్రం ఒకటి తీసుకుని, అందులోని ఒక్క ఫలితాన్ని మొదటి నుంచి చివరి వరకు మీ చేత్తో తిరిగి రాబట్టండి. సరిపోకపోతే ముందు 31.62 చూడండి, తరువాత సగం పొడవా, మొత్తం పొడవా చూడండి, తరువాత ప్లేన్ స్ట్రెసా, ప్లేన్ స్ట్రెయినా చూడండి, తరువాత మెష్ చూడండి. ఇవన్నీ సరిగానే ఉండి తేడా ఇంకా మిగిలితే, ఆ తేడా ఎంతో, ఏ పరిస్థితుల్లో పెరుగుతోందో పట్టికగా రాసి, మీ గైడ్‌తో జరిగే తరువాతి సమావేశంలో ముందుగా ఆ పట్టికనే బల్ల మీద పెట్టండి.